జల్లెడ – నీరటికాడు

వడపోతవాది: మూత్రపిండము చేయు పని యేమని యెవరైన నన్నడిగినచో, గురువుగారూ, ఒక్క మాటలో సమాధానము చెప్పి ఊరకుందును: అది రక్తమును వడపోయును. తక్కినవన్నియు ఆ పనికి అంగములు. హృదయము నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును వెలికి పంపుచుండగా, అందులో ఐదవ వంతుకు మించి, అనగా లీటరుకు పైమాట, రెండును కలిసి 300 గ్రాములు తూగీతూగని ఈ పిండములలోనికే పోవుచున్నది. శరీరపు బరువులో నూటికి అరవంతైనను లేని అవయవమునకు ఇంత రక్తమేల యని విచారించినచో, అది తన పోషణకై కోరుకొన్నది కాదనియు, శరీరము వడపోతకై దానికి అప్పగించినదనియు తేటపడును. ఒక్కొక్క పిండములో సుమారు 10 లక్షల రక్తకేశనాళికా గుచ్ఛములు గలవు. 1666లో మాల్పీజీ అను శాస్త్రజ్ఞుడు భూతద్దము క్రింద చూచి ఆశ్చర్యపడినది వీనినే. ఇతర స్థలములలో ధమని కేశనాళికలుగా చీలి సిరలో ముగియును. ఇచ్చట మాత్రము గుచ్ఛమునకు ముందు అభివాహి ధమనిక, వెనుక దానికంటె సన్ననైన అపవాహి ధమనిక, రెండును ధమనికలే. వచ్చు ద్వారము వెడల్పు, పోవు ద్వారము ఇరుకు, నడుమ సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి. ఆ ఒత్తిడికి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా జారిపోవును. రక్తకణములును, ఆల్బుమిన్ వంటి పెద్ద మాంసకృత్తులును నిలిచిపోవును. నిమిషమునకు 125 మిల్లీలీటర్లు, దినమునకు 180 లీటర్లు! శరీరములోని ప్లాస్మా మూడు లీటర్లే గనుక, అదంతయు దినమునకు అరువది మారులు వడకట్టబడుచున్నదన్న మాట. మన వరంగల్లు దేశాయిపేట ఫిల్టరు బెడ్డులలో ఇసుకను అప్పుడప్పుడు నీరు తిరుగదోడి కడుగనిచో పూడిపోవును గదా. ఈ జల్లెడ డెబ్బదేండ్లు నడచియు పూడదు. ఇంతకు మించిన అద్భుతమును తాము చూపగలరా?

నాళికావాది: చూపగలను, నాయనా; నీవు చెప్పిన లెక్కలోనే చూపెదను. 180 లీటర్లు వడకట్టితినంటివి. మూత్రము ఎంత? లీటరున్నర. మరి తక్కిన 178 లీటర్లును ఎవరు వెనుకకు తెచ్చిరి? నీ జల్లెడనుండి దినమునకు జారిపోవు ఉప్పు కిలోన్నరకు దగ్గర. చక్కెర 180 గ్రాములు. ఆ ఉప్పులో మనము తిన్నంత మాత్రమే మూత్రములో బయటికి పోవును. ఆరోగ్యవంతుని మూత్రములో చక్కెర జాడయే కానరాదు. ఏది ఉంచుకొనవలెనో ఏది విడువవలెనో జల్లెడకు తెలియదు. దానికి చక్కెరయు యూరియాయు ఒక్కటే, రెండును రంధ్రములో పట్టును గనుక. తెలిసినది జల్లెడ వెనుకనున్న నాళికకు. మాంసపుటంగడిలో ‘గుర్ద’ యని అడిగిన చాలు, మేక మూత్రపిండమును కాగితములో చుట్టి ఇచ్చుదురు. నీవు నా తరగతిలో నున్నప్పుడు తెచ్చితివి, మరచితివి కాబోలు. పైపొరను గోటితో లాగినచో నానిన శనగ పొట్టువలె ఊడివచ్చును. నిలువునా చీల్చినచో వెలుపల చిటికెన వ్రేలి మందమైనను లేని గోధుమ కలిసిన ఎరుపు పట్టీ కనబడును, అది వల్కలము. నీ జల్లెడలన్నియు ఆ పట్టీలోనివే. లోపలిది దవ్వ, చారలు చారలుగా, పలకపై బలపముతో గీసినట్లు, ఒక తెల్లని గట్టు వైపునకు మొగ్గి ద్రోణిలోనికి దిగుచుండును. మేకకు ఆ గట్టు ఒక్కటే. మనుష్యునకు అట్టి శిఖరములు పదికి అటునిటుగా వేర్వేరుగా నుండును. ఆ చారలు జల్లెడలు కావు, నాళికలు దిగి మరలివచ్చు హెన్లీ శిక్యములును, తుదకు మూత్రమును చేర్చు సంగ్రహణ నాళములును. వల్కలములో సైతము గుచ్ఛములకంటె మెలికలు తిరిగిన నాళికలే చోటెక్కువ ఆక్రమించినవి. అవయవము తన చోటును దేనికిచ్చినదో చూచి దాని వృత్తి యేదో చెప్పుము.

వడపోతవాది: చోటును బట్టి ప్రాధాన్యము నిర్ణయించినచో, ఇంటిలో గోడలే గృహస్థులగుదురు.

నాళికావాది: అట్లైన మన చెరువుల పోలికయే తెచ్చెదను. గణపతిదేవుని కాలమునాటి పాకాల కట్టను చూచినవాడెవడైనను ఆ కట్టకే నమస్కరించును, తప్పులేదు. కాని ఏ మడికెంత నీరు, ఏ పూట తూము ఎత్తవలెను, ఏ పూట దింపవలెను అను వివేకము కట్టలో లేదు, నీరటికాని చేతిలో నున్నది. నీరటికాడు లేని చెరువు పొలమును తడుపదు, ముంచును.

వడపోతవాది: కట్ట లేని చెరువునకు నీరటికాడెందుకు? అతడు పారను భుజమున వేసికొని ఎండిన శిఖములో తిరుగవలసినదే. పోలికలకేమి, గురువుగారూ, ఎవరి పోలిక వారికి లోబడియే యుండును. చరిత్రను చూతము. 1842లో బౌమన్ అను శాస్త్రజ్ఞుడు ఆ గుచ్ఛమును కప్పియున్న గుళిక నాళికకు మొదలేయని చూపెను. ఐనను గుచ్ఛము నీటిని మాత్రమే విడుచుననియు, మలినములను నాళికలే ఊరించుననియు తలచెను. అదే కాలమున జర్మనీలో లుడ్విగ్ అను యువకుడు, ఇందులో జీవశక్తి మహిమ యేమియు లేదు, కేవలము రక్తపీడనము చేతనే ద్రవము వడియుచున్నదని ధైర్యముగా వాదించెను. అతని నెదిరించినవాడు హైడెన్‌హైన్. ఒక దినపు యూరియా అంతయు వడపోతచేతనే రావలెనన్నచో 70 లీటర్లు వడియవలెను, అందులో 68 లీటర్లు మరల పీల్చబడవలెను, ఇది బుద్ధికి మించిన మాటయని అతడు లెక్కకట్టి పరిహసించెను. తుదకు తేలిన దేమి? 70 కాదు, 180! ప్రకృతి ఆయన పరిహాసముకంటె రెండున్నర రెట్లు సాహసించినది. కుష్నీ 1917లో ప్రకటించిన గ్రంథముతో వడపోత సిద్ధాంతము నిలద్రొక్కుకొన్నది. 1924లో వెర్న్, రిచర్డ్స్ అనువారు కప్ప మూత్రపిండములోని ఒక్క గుళికలోనికి వెండ్రుకవంటి గాజు సూదిని గ్రుచ్చి, అందలి ద్రవమును బొట్టు బొట్టుగా తీసి చూపిరి. అందు మాంసకృత్తు లేదు. అది వడియగట్టిన రక్తద్రవమే.

నాళికావాది: సగము చెప్పి ఆపితివి. ఆ కప్ప గుళికలోని ద్రవమున చక్కెరయు క్లోరైడును ఉన్నవి; అదే కప్ప మూత్రాశయములో చూడగా రెండును లేవు. నడుమ దారిలో ఎవరో తీసికొనిరి గదా? ఒకే ప్రయోగము నీకు జల్లెడను చూపినది, నాకు నీరటికానిని చూపినది. అంతటితో ఆగక మార్షల్ అను అమెరికనుడు 1923లో, నాళికలు పీల్చుటయే గాక ఎర్రని రంగుపదార్థమును రక్తమునుండి తామే లాగి మూత్రములోనికి నెట్టుచున్నవని కుక్కలలో నిరూపించెను. తరువాత అతడే సముద్రమున కొన్ని చేపలను చూపెను. వానికి గుచ్ఛములే లేవు! జల్లెడ యొక్కటియు లేకయే, నాళికలతో మాత్రమే, ఆ చేప మూత్రము చేయుచున్నది, బ్రదుకుచున్నది. నాళిక లేకుండ జల్లెడతో మాత్రమే బ్రదుకు జీవిని నీవొక్కదానిని చూపుము, నేను వాదము చాలించెదను.

వడపోతవాది: ఆ చేప విషయమున నాకు చిక్కు గలదని ఒప్పుకొనక తప్పదు. ఐనను అది ఉప్పునీటిలో నుండునది. నీటిని పోగొట్టుకొనుట దానికి మరణము, గనుక జల్లెడను వదలుకొన్నది. మంచినీటి చేపను చూడుడు: ఒంటిలోనికి నిరంతరము చొచ్చుకొనివచ్చు నీటిని తోడిపోయుటకై దానికి పెద్ద పెద్ద గుచ్ఛములు గలవు. మన వెన్నెముక గల పూర్వజులు మంచినీటిలో నేర్చిన విద్యయే ఈ వడపోతయని హోమర్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు 1953లో ప్రకటించిన గ్రంథమున విస్తరించి వ్రాసెను. ఆ స్మిత్ మాటలనుండియే నా పక్షమునకు అన్నింటికంటె బలమైన యుక్తి పుట్టుచున్నది, సావధానముగా వినుడు. జల్లెడ గ్రుడ్డిదని తాము నిందించితిరి. ఆ గ్రుడ్డితనమే దాని వివేకము! లోకములోని విషములెన్ని? నిన్నటివరకు లేని పురుగుమందు, రేపు పుట్టబోవు రసాయనము, వీని నన్నింటిని ఒక్కొక్కటిగ గుర్తుపట్టి బయటికి నెట్టవలెనన్నచో ఏ అవయవమునకు సాధ్యము? కావున మూత్రపిండము మాంసకృత్తులకంటె చిన్నదైన సమస్తమును ముందు బయట పోయును. తరువాత తనకు కావలసిన కొద్ది వస్తువులను మాత్రము ఏరుకొనును. శత్రువులను గుర్తించు పని లేదు, చుట్టములను గుర్తించిన చాలును. దీపావళికి ముందు మన ఇండ్లలో అటకమీది సామానంతయు వాకిట పరచి, కావలసినవి మాత్రమే లోనికి తెచ్చుకొనమా? చెత్త యేదియని వెదకువాడు ఏండ్లు పట్టినను ఇల్లు శుభ్రపరుపలేడు.

నాళికావాది: ఈ యుక్తి నిజముగా బలమైనది, ఇరువది తరగతులకు పాఠము చెప్పియు నేను దీనిని ఇంత తేటగా చెప్పియుండను. ఒప్పుకొంటిని. కాని వాకిట పరచుటకు ఒక్క గడియ చాలును. లోనికి మోయుటకు దినమంతయు పట్టును. ఆ మోత కూలి యెంతో లెక్క చూచితివా? మూత్రపిండములు శరీరపు ప్రాణవాయువులో సుమారు నూటికి ఏడెనిమిది పాళ్లు వ్యయపరచుచున్నవి. వడపోత చేయు ఒత్తిడిని హృదయము ఉచితముగా ఇచ్చుచున్నది, గనుక ఆ వ్యయములో అధికభాగము సోడియమును తిరిగి మోయుటకే. ఆ మోతకు కూలి ఏటీపీ అను నాణెముతో చెల్లింపబడును. ఆ నాణెమును 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గదా. సమీపస్థ సంవళిత నాళిక మూడింట రెండు వంతుల నీటిని, ఉప్పును అక్కడికక్కడే వెనుకకు తెచ్చును. హెన్లీ శిక్యము దవ్వలోనికి దిగి వెనుదిరుగు మలుపులో లవణమును పోగుచేసి, లోపలికి పోనుపోను ఉప్పదనము పెరుగునట్లు చేయును. అప్పుడు వాసోప్రెసిన్ అను హార్మోను ఆజ్ఞ ఇచ్చినచో సంగ్రహణ నాళము తలుపులు తెరచి నీటిని ఆ ఉప్పునకు అప్పగించును. ఆజ్ఞ లేనిచో దినమునకు 20 లీటర్లవరకు మూత్రము పోవచ్చును. పూర్తిగా ఉన్నచో రక్తముకంటె నాలుగు రెట్లు చిక్కనై అరలీటరుతో సరిపెట్టవచ్చును. మే నెలలో ఏనుమాముల మిర్చి యార్డులో నడినెత్తి ఎండకు బస్తాలు మోయు హమాలీని ఆ సాయంకాలమువరకు నిలబెట్టునది ఈ పొదుపే. చెమటగా నాలుగైదు లీటర్లు పోయినను అతని రక్తము చిక్కబడకుండ కాయుచున్నది జల్లెడ కాదు. అదియునుగాక ఆ దవ్వ ఎప్పుడును ప్రాణవాయువు చాలీచాలని చోటు. వీపు నొప్పికని అతడు ఆ ఎండలోనే అంగడిలో కొని మ్రింగు నొప్పిబిళ్ల, రక్తపు ప్రవాహమును మరింత కుదించి, అక్కడనే దెబ్బ తీయును.

వడపోతవాది: నొప్పిబిళ్ల బిగించునది అభివాహి ధమనికను, అనగా ముందు పడిపోవునది నా గుచ్ఛపు ఒత్తిడి. అయినను దానిని వాదములోనికి లాగను. నా యొద్దకు వచ్చు రోగులలో అత్యధికులు మధుమేహగ్రస్తులు. వారి మూత్రపిండము చెడుచున్నదని మొట్టమొదట చాటునది ఏది? మూత్రములో అణుమాత్రముగ కనబడు ఆల్బుమిన్. అనగా గుచ్ఛపు కేశనాళికలను చుట్టుకొనియున్న పాదకణముల వ్రేళ్లు ఒకదానిలో నొకటి పెనవేసి కట్టిన ఆ అల్లిక సడలినది, జల్లెడకు చిల్లుపడినది. ఆ గుచ్ఛము మాడిపోయిన తరువాత దాని నాళికయు దాని వెనుకనే ఎండిపోవును. జన్మించిన పిదప క్రొత్త నెఫ్రాను, అనగా గుచ్ఛమును నాళికయు కలిసిన జత, ఒక్కటియు పుట్టదు. తల్లి కడుపులో ఇచ్చిన మూలధనముతోనే కడవరకు గడుపవలెను. సగము పోవువరకు క్రియాటినిన్ పరీక్షలో పెద్దగా తేడా కనబడదు. కనబడునప్పటికి ఇల్లు సగము కూలియుండును.

నాళికావాది: మధుమేహము నీ సాక్షి; ఉద్దాన ప్రాంతము నా సాక్షి. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి మండలములలో, కొబ్బరితోటల జీడితోటల నడుమ, మధుమేహము లేని కూలివారును రైతులును మూత్రపిండములు చెడి పడిపోవుచున్నారు. కారణము నీరో, ఎండయో, మరేమో నేటికిని తేలలేదు. వారి మూత్రములో ఆల్బుమిన్ చాలకాలమువరకు అంతగా కనబడదు. ఏలయన అక్కడ ముందు దెబ్బతినునవి నాళికలును వాని చుట్టునున్న కణజాలమును. జల్లెడను చూచుచు కూర్చున్న వైద్యునకు ఆ జబ్బు తలుపు తట్టకుండనే లోనికి వచ్చును. మరియొకటి. ప్రతి నాళికయు అంత దూరము దిగి, తిరిగి, వల్కలములోనికి వచ్చి తాను పుట్టిన గుచ్ఛమునే తాకుచు సాగును. పుట్టింటి గడప త్రొక్కి పోవు కూతురువలె! అక్కడ ఉప్పు ఎక్కువగ వచ్చినదని తోచినచో, ‘వడపోత తగ్గింపు’మని అభివాహి ధమనికకు కబురు పెట్టును. ఇప్పుడు మీరు మధుమేహమునకు వ్రాయుచున్న గ్లిఫ్లోజిన్ మాత్రలు ఏమి చేయుచున్నవి? నాళిక చక్కెరను, దానితో ఉప్పును తిరిగి పీల్చుటను ఆపుచున్నవి. ఆ ఉప్పు క్రిందికి చేరగా కబురు పోవుచున్నది, గుచ్ఛపు ఒత్తిడి తగ్గుచున్నది. జల్లెడను కాపాడుటకు మందు నాళికలో వేయవలసివచ్చెను.

వడపోతవాది: కాపాడబడినది జల్లెడయే గదా, గురువుగారూ! కాని ఈ సాక్ష్యములన్నియు ఒక ఎత్తు, నేను దినదినము కన్నులార చూచునది యొక ఎత్తు. 1943లో, శత్రుసైన్యముల ఆక్రమణలోనున్న హాలెండు దేశమున, కోల్ఫ్ అను వైద్యుడు, మాంసము కూరుటకు వాడు సెలొఫేను గొట్టమును పీపాకు చుట్టి ఉప్పునీటిలో త్రిప్పి మొదటి కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. మొదటి పదునైదుగురు దక్కలేదు. 1945లో ఒక వృద్ధురాలు కన్నులు తెరచినది. ఆ యంత్రములో నాళిక ఉన్నదా? శిక్యమున్నదా? ఏరుకొను కణమొక్కటైన ఉన్నదా? సన్నని రంధ్రములు గల పొర, దానికి అటు రక్తము, ఇటు ద్రావణము, అంతే. ఆ పొరయే నేడు ఆరోగ్యశ్రీ పథకము క్రింద ప్రభుత్వాసుపత్రులలో రుసుము లేకుండ, వారమునకు మూడు మారులు నాలుగేసి గంటలు, వేలకొలది తెలుగువారిని నిలుపుచున్నది. కేవలము జల్లెడతో బ్రదుకు జీవిని చూపుమని సవాలు చేసితిరి. నా వార్డుకు రండు, మంచమునకొకరిని చూపెదను.

నాళికావాది: నీ దెబ్బ నాకు తగిలినది, తగిలినదని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. ఐనను వారమునకు 168 గంటలు. నీ యంత్రము పనిచేయునది 12. ఒక్కొక్క మారు నాలుగు గంటలకు అది వాడుకొను శుద్ధజలమిశ్రమము సుమారు 120 లీటర్లు. అసలు పిండము ఒక్క చుక్కను బయటినుండి అడుగక, తాను వడిచిన నీటితోనే తన పని చేసికొనెడిది. రక్తము పుట్టుటకు ఎరిత్రోపోయిటిన్ సూదిమందు వేరే ఇయ్యవలెను. ఎముకకు బలమిచ్చు విటమిన్ డీని పదనుపెట్టునది నాళికాకణము గనుక, దానిని మాత్రగా ఇయ్యవలెను. ఇవన్నియు అటుంచుము. మంచమునకొకరిని చూపెదనంటివే, వారిలో ఆ హమాలీ ఉన్నాడా? నీవు నాకు చెప్పినవాడు?

వడపోతవాది: ఉన్నాడు. ఆరేండ్లుగా వచ్చుచున్నాడు. కూతురి పెండ్లి చేసినాడు. ‘సారూ, ఈ మిషనే నా గుర్ద’ యని నవ్వుచు చెప్పును; ఔననియే నేనును చెప్పుదును.

నాళికావాది: అది నిజము కాదు గదా, నాయనా. అతడు దినమునకు ఎంత నీరు త్రాగవచ్చును?

వడపోతవాది: మూత్రము రాదు గనుక అరలీటరు; మహా ఐనచో ముప్పావు. స్టీలు గ్లాసుకు లోపల మేకుతో గీత గీసికొన్నాడు. ఆ గీతకు మించి పోసికొనడు. నోరు పిడచగట్టినప్పుడు మంచుముక్క బుగ్గన పెట్టుకొనును. అరటిపండు వద్దని, కొబ్బరినీరు వద్దని, మామిడికాయ తొక్కు వద్దని నేనే చెప్పితిని.

నాళికావాది: వరంగల్లు మే నెలలో, నలువది నాలుగు డిగ్రీల ఎండలో! మన ఇరువురి నాళికలును మనకు తెలియకుండనే, మనము నిద్రించుచుండగా చేయు లెక్క యది. ఉప్పెంత, పొటాసియమెంత, నీరెంత. అతడు ఆ లెక్కను ప్రతి ముద్దకు, ప్రతి గ్రుక్కకు, మెలకువతో, నాలుక పీకుకొనిపోవుచుండగా చేయుచున్నాడు. నీ యంత్రము జల్లెడ మాత్రమే గనుకనే, నీరటికాని కొలువు ఆ మనిషి నెత్తిన పడినది. ఆ సంగతి అతనికి చెప్పకుండుట న్యాయమా?

వడపోతవాది: చెప్పిన లాభమేమి? ‘నీకు సగమే దొరికినది, తక్కిన సగము నీవే’యని చెప్పినచో మంచము దిగి ఇంటికి పోవువారిని నేను చూచితిని; పోయినవారు పది దినములైనను నిలువరు. ఆ పొరమీద విశ్వాసమే వారిని వారమునకు మూడు మారులు బస్సెక్కించుచున్నది. తమ పక్షము సత్యమే కావచ్చును, గురువుగారూ. నా పక్షమునకు ఊపిరి యున్నది.

నాళికావాది: అతడు చెరువు క్రింద పుట్టినవాడనుకొందును. కట్టకును నీరటికానికిని భేదము మనకంటె బాగుగ ఎరిగినవాడు. దాచవలసిన అవసరమున్నదా?

వడపోతవాది: ఆయన తండ్రి నీరటికాడేనట. గురువారము ఉదయము ఆరు గంటలకు అతని వంతు. ఈ ఎండలకు గీతను కొంచెము పైకి జరుపవచ్చునా యని పోయిన వారమే నన్నడిగినాడు. నేను ఇంకను సమాధానమీయలేదు. తాము కూడ రండు. గ్లాసు చూచి, గీత ఎక్కడనుండవలెనో చెప్పుడు.

నాళికావాది: వచ్చెదను. మేకును మాత్రము అతని చేతికే ఇత్తము.